గిటారు ఆంప్‌లో కంప్యూటర్: ఏమి వచ్చింది, ఏమి పోయింది

విశాఖపట్నం గాజువాకలో నా దగ్గర గిటారు నేర్చుకునే కుర్రవాడి ఇంటికి పోయిన వేసవిలో వెళ్లాను. తండ్రి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. కొడుకు పరీక్షలు బాగా రాశాడని పాత గిటారు ఆంప్లిఫయర్ల (ఆంపుల) గొంతును కంప్యూటర్ లెక్కలతో అనుకరించే డిజిటల్ మోడలింగ్ ఆంప్లిఫయర్ ఒకటి తెప్పించారు. కాలితో నొక్కే మీటలు, చిన్న తెర ఉండి, స్పీకరు లేని రకం అది. దాన్ని ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్‌కు కలిపారు. "మాస్టారూ, ఇందులో వంద ఆంపులు ఉన్నాయని చెప్పి ఇచ్చారు. ఏది పెట్టినా కందిరీగల తుట్టె కదిపినట్టే ఉంది. మోసపోయామంటారా?" అని అడిగారాయన. ఆ గొంతులో డబ్బు పోయిందన్న బాధకన్నా, పిల్లవాడి ముచ్చట తీర్చలేకపోయానన్న బాధే ఎక్కువగా వినిపించింది.

పెట్టె లోపలి జాబితాలో "క్యాబినెట్" అన్న అంశాన్ని ఎవరో ఆపేశారు. దాన్ని మళ్లీ ఆన్ చేశాను. ఒక్క క్షణంలో కందిరీగలు పోయి గిటారు వినిపించింది. ఆ ఒక్క అంశం అంత తేడా ఎందుకు తెచ్చిందో తెలిస్తే, ఈ యంత్రాల మంచిచెడ్డలు చాలావరకు తెలిసినట్టే.

మన ఉత్తరాంధ్ర వాళ్లకు బొబ్బిలి వీణ ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. పనస చెక్కను తొలిచి చేసే ఆ వీణలో తీగ ఎంత ముఖ్యమో కుండ కూడా అంతే ముఖ్యం. తీగ కంపనాన్ని కుండ అందుకుని, కొంత పెంచి, కొంత మింగి, తన గొంతుతో పలుకుతుంది. ఎలక్ట్రిక్ గిటారుకు అలాంటి కుండ లేదు. గట్టి చెక్క, దాని మీద ఉక్కు తీగలు, వాటి కింద అయస్కాంతాల చుట్టూ సన్నని రాగితీగ చుట్టి, తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు, అంతే. కేబుల్ తీసేసి వాయిస్తే పక్క గదిలోకి కూడా వినిపించదు. దాని కుండ గదిలో ఇంకో మూల ఉంటుంది. ఆంప్, స్పీకరు కలిసి దానికి కుండ.

పాటలు వినే ఆంప్లిఫయర్ తనకిచ్చిన శబ్దాన్ని మార్చకుండా పెద్దది చేయాలి. గిటారు ఆంప్ పని శబ్దాన్ని మార్చడమే. వాల్వు (పాత రేడియోల్లో ఉండే, సంకేతాన్ని పెంచే గాజు గొట్టం) మోయగలిగినదానికన్నా బలమైన సంకేతాన్ని దానిలోకి పంపితే తరంగాల శిఖరాలు నొక్కుకుపోతాయి. అలా నొక్కుకున్న తరంగంలో అసలు స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, ఐదింతల పౌనఃపున్యం ఉన్న అనుస్వరాలు పుడతాయి. గిటారిస్టులు డిస్టార్షన్ అనేది దీన్నే. మంచి వాల్వు ఆంప్‌లో ఈ నొక్కుడు మెల్లగా మొదలవుతుంది. తేలికగా మీటితే స్వరం శుభ్రంగా వస్తుంది, గట్టిగా మీటితే గరుకుతనం వస్తుంది. కొన్ని పాత ఆంపుల్లో బలంగా మీటినప్పుడు లోపలి విద్యుత్ సరఫరా ఒక్క క్షణం కుంగి మళ్లీ లేస్తుంది. స్వరం ముందు అణిగి తర్వాత ఉబికి వస్తుంది. శ్రోతకు ఇది తెలియకపోవచ్చు, వాయించేవాడి వేళ్లకు మాత్రం తెలుస్తుంది.

ఇక స్పీకరు. గిటారు ఆంపుల్లో సాధారణంగా ఉండేది 12 అంగుళాల కాగితపు శంకువు. సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన శబ్దాలను అది సరిగా పలకలేదు. ఆ చేతకానితనమే దాని గొప్పతనం. డిస్టార్షన్‌లో పుట్టే పదునైన పై అనుస్వరాలను కాగితం మింగేస్తుంది, మిగిలినది చెవికి ఇంపుగా ఉంటుంది. గాజువాక ఇంట్లో జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. క్యాబినెట్ అనే స్పీకరు నమూనా ఆగిపోవడంతో నొక్కుకున్న తరంగం నేరుగా హోమ్ థియేటర్‌కు చేరింది. అది 20,000 హెర్ట్జ్ వరకు పలకడానికి చేసిన యంత్రం. కాగితం దాచిపెట్టాల్సినదంతా అది బయటపెట్టింది. దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా తరచుగా చూస్తుంటాను. స్పీకరు నమూనాను ఆన్‌లోనే ఉంచి, నిజమైన గిటారు స్పీకరుకు కలుపుతారు. అప్పుడు ఒకే శబ్దం రెండుసార్లు వడగట్టినట్టయి, దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వస్తుంది.

ఈ మొత్తం వ్యవహారాన్ని కంప్యూటర్ ఎలా అనుకరిస్తుంది? గిటారు సంకేతాన్ని సెకనుకు 48,000 సార్లో, యంత్రాన్ని బట్టి అంతకన్నా ఎక్కువసార్లో కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెల మీద లెక్క చేసి, తిరిగి విద్యుత్ తరంగంగా మార్చి పంపుతుంది. తేడాలన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. ఒక దారిలో ఇంజినీర్లు పాత ఆంప్ సర్క్యూట్‌ను ముందు పెట్టుకుని, ప్రతి వాల్వుకు, కెపాసిటర్‌కు, టోన్ నాబ్‌కు సమీకరణాలు రాస్తారు. ఇందులో నాబ్ తిప్పితే నిజమైన ఆంప్‌లో లాగే ఒకదాని ప్రభావం మరొకదాని మీద పడుతుంది. రెండో దారిలో లోపలి సర్క్యూట్‌తో పని లేదు. ఆంప్‌లోకి పరీక్ష శబ్దాలు పంపి, బయటికి వచ్చినదాన్ని రికార్డు చేసి, ఆ రెండింటి మధ్య సంబంధాన్ని యంత్రం నేర్చుకుంటుంది. 2011లో వచ్చిన కెంపర్ అనే యంత్రం ఈ పద్ధతికి పేరు తెచ్చింది. ఇప్పుడు అదే పనిని, ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రాములైన న్యూరల్ నెట్‌వర్కులు చేస్తున్నాయి. న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఉంది. సాధారణ కంప్యూటర్ ఉన్న కుర్రవాడు కూడా ఆంప్‌ను ఇలా పట్టుకోగలగడం నాకు నిజంగా ఆనందం కలిగించే సంగతి.

అయితే ఈ రెండో పద్ధతిలో చిక్కేది సాధారణంగా ఒక ఫోటో లాంటిది. ఆంప్ నాబులు ఆ రోజు ఎక్కడ ఉన్నాయో ఆ స్థితిని మాత్రమే అది పట్టుకుంటుంది. తర్వాత మీరు బాస్ పెంచితే పెరిగేది ఆ యంత్రం తనంతట తాను కలిపే బాసే, అసలు ఆంప్ బాస్ కాదు. ఫోటో తీసిన చోటు మీకు నచ్చితే ఇబ్బంది లేదు, నచ్చకపోతే ఇంకో ఫోటో వెతుక్కోవాలి.

ఈ రంగంలో తొలి యంత్రాల మీద పడిన చెడ్డపేరు ఇంకా చెరగలేదు. లైన్ 6 సంస్థ 1996లో యాక్సిస్ 212 అనే మోడలింగ్ ఆంప్‌ను, 1998లో పాడ్ అనే ఎర్రటి చిన్న పెట్టెను తెచ్చింది. అప్పటి ప్రాసెసర్ల శక్తి తక్కువ. డిజిటల్ డిస్టార్షన్‌కు ఒక సహజమైన జబ్బు ఉంది, దాన్ని నయం చేయడానికి ఆ శక్తి చాలేది కాదు. ఆ జబ్బును ఒక లెక్కతో చూపిస్తాను. సెకనుకు 48,000 కొలతలు తీసే యంత్రం 24,000 హెర్ట్జ్‌కు పైనున్న శబ్దాన్ని ఉన్నదున్నట్టు నిలుపుకోలేదు. అంతకన్నా పైన పుట్టిన అనుస్వరం అద్దం మీద పడ్డ వెలుగులా వెనక్కి తిరుగుతుంది. మీరు 1,300 హెర్ట్జ్ స్వరాన్ని వాయించారనుకుందాం. దాని 35వ అనుస్వరం 45,500 హెర్ట్జ్. అది తిరగబడి 2,500 హెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. మీ స్వరంతో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఇప్పుడు తీగను కొంచెం లాగి స్వరాన్ని 1,310కి పెంచండి. ఆ దొంగ స్వరం 2,150కి దిగుతుంది. మీరు పైకి వెళ్తుంటే అది కిందికి జారుతుంది! పాత యంత్రాల్లో పై స్వరాలను లాగినప్పుడు వినిపించే వింత కీచుదనం ఇదే. ఇప్పటి మంచి యంత్రాలు డిస్టార్షన్ లెక్కను ఎన్నో రెట్లు ఎక్కువ కొలతల వేగంతో చేసి, ఈ దొంగలను ముందే వడగట్టేస్తాయి. ఇరవై ఏళ్ల కిందట విన్నదాన్ని బట్టి ఈనాటి యంత్రాలకు తీర్పు చెప్పడం అన్యాయం.

ఆలస్యం గురించి కూడా అనవసరమైన భయం ఉంది. సంకేతం లోపలికి వెళ్లి బయటికి రావడానికి మంచి యంత్రాల్లో పట్టేది కొద్ది మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. మామూలు ఆంప్‌కు రెండు మీటర్ల దూరంలో నిలబడినా ఆరు మిల్లీసెకన్ల ఆలస్యం ఉన్నట్టే. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో వాయించకండి, అది చాలు. అందులో ఆలస్యం ఎన్నో రెట్లు ఎక్కువ, తాళం నిలవదు.

అసలు తగువు స్పీకరు దగ్గర ఉంది. స్పీకరు నమూనాను ఎలా చేస్తారో చూడండి. బొర్రా గుహల్లో ఒక్కసారి చప్పట్లు కొట్టి ఆగితే, తిరిగొచ్చే ప్రతిధ్వనిలో ఆ గుహ స్వభావమంతా ఉంటుంది. స్పీకరుకు కూడా అలాంటి ఒక్క చప్పట్లాంటి సంకేతాన్ని పంపి, ముందు పెట్టిన మైకుతో రికార్డు చేస్తారు. ఆ రికార్డును ఏ గిటారు శబ్దానికి కలిపి లెక్క కట్టినా, ఆ స్పీకరులోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఇక్కడ మైకు అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఆ మైకు శంకువుకు కొన్ని అంగుళాల దూరంలో, ఒకే ఒక్క చోట ఉంటుంది. నేల నుంచి, గోడ నుంచి, తెరిచి ఉన్న పెట్టె వెనక నుంచి వచ్చే శబ్దం దానికి దాదాపు తెలియదు. అంటే ఈ యంత్రాలు ఎక్కువగా అనుకరించేది గదిలో ఉన్న ఆంప్‌ను కాదు, మైకు విన్న ఆంప్‌ను. మీరు చిన్నప్పటి నుంచి పాటల్లో విన్న గిటార్లలో చాలావరకు మైకు విన్నవే. అందుకే రికార్డింగులో మంచి మోడల్‌ను, అసలు ఆంప్‌ను పక్కపక్కన పెడితే అనుభవజ్ఞులు కూడా తడబడతారు. అదే మోడల్‌ను గదిలో వాయిస్తే, పక్కన అసలు ఆంప్ మోగినప్పుడు ఛాతీకి తగిలే గాలి తోపు కనబడదు. రెండూ నిజాలే, రెండింటికీ కారణం ఒక్కటే. ఏళ్ల తరబడి జరుగుతున్న వాదనల్లో సగం ఈ ముక్క తెలియక జరుగుతున్నవే.

స్పీకరు ఎంత మార్చగలదో చరిత్రలోనే ఒక రుజువు ఉంది. 1960ల మొదట్లో లండన్‌లో తయారైన మార్షల్ జేటీఎం45 అనే ఆంప్ సర్క్యూట్, అమెరికా ఫెండర్ బాస్‌మన్‌కు దాదాపు నకలు. బాస్‌మన్‌లో వెనక తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు 10 అంగుళాల స్పీకర్లు ఉండేవి. మార్షల్ వాళ్లు తమ ఆంప్‌ను మూసిన పెట్టెలోని 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లతో జతచేశారు. వాల్వుల్లోనూ కొంత మార్పు వచ్చింది. ఆ జత నుంచి పుట్టిన గొంతు వేరే సంప్రదాయమే అయింది. నకలు అన్న మాటతో మోడలింగ్‌ను కొట్టిపారేసేవాళ్లు ఈ కథను ఒకసారి గుర్తుచేసుకోవాలి.

మన ఊళ్లో ఈ యంత్రం వల్ల కలిగే మేలు మొదట అపార్ట్‌మెంట్లలో కనబడుతుంది. వాల్వు ఆంప్ గొంతు తెరుచుకోవాలంటే దాన్ని గట్టిగా మోగించాలి. వాట్లు సగానికి తగ్గితే శబ్దం సగమవుతుందని చాలామంది అనుకుంటారు. 100 వాట్లకు, 50 వాట్లకు మధ్య తేడా 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి సగం అనిపించాలంటే వాట్లు సుమారు పదో వంతుకు తగ్గాలి. 15 వాట్ల వాల్వు ఆంప్ డ్రమ్స్‌తో పోటీ పడుతుంది. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో మూడో అంతస్తు ఫ్లాట్‌లో, గోడ అవతల పిల్లలు పరీక్షలకు చదువుతుంటే దాన్ని మోగించగలమా? మోడలింగ్ యంత్రం డిస్టార్షన్‌ను శబ్దం పరిమాణం నుంచి విడదీసింది. రాత్రి పదకొండు గంటలకు హెడ్‌ఫోన్ పెట్టుకుని సాధన చేసే కుర్రవాడికి ఇది వరం. సాధన గంటలు పెరిగితే చేయి తిరుగుతుంది. నా దృష్టిలో మిగతా సుగుణాలన్నీ దీని తర్వాతే.

మోత బరువు తగ్గడం కూడా చిన్న విషయం కాదు. ఫెండర్ ట్విన్ రివర్బ్ వాల్వు ఆంప్ సుమారు 29 కిలోలు. 2019లో అదే సంస్థ తెచ్చిన డిజిటల్ టోన్ మాస్టర్ ట్విన్ సుమారు 15 కిలోలు. కార్యక్రమం అయ్యాక అర్ధరాత్రి లిఫ్టు లేని మెట్లెక్కినవాళ్లకు ఈ తేడా గురించి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. కరెంటు సంగతి ఇంకొకటి. అమెరికా నుంచి ఎవరో తెచ్చిన 120 వోల్టుల ఆంప్‌ను మన 230 వోల్టులకు కలపాలంటే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, మరచిపోయి నేరుగా పెడితే ఆంప్ కాలిపోవచ్చు. డిజిటల్ యంత్రాల్లో చాలావాటి సరఫరా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది. వెనక చీటీ మీద చూసి నిర్ధారించుకోండి.

ఇక లోపాలు. వాటిలో మొదటిది నాకు బీచ్ రోడ్డులో, ఆరుబయట వేదిక మీద తెలిసింది. వారం రోజులు రాత్రిళ్లు ఇంట్లో, తక్కువ శబ్దంలో ప్రీసెట్లు (ఆంప్, నాబుల స్థానాలు కలిపి యంత్రంలో దాచుకునే అమరికలు) చేసుకున్నాను. అడుగున నిండుదనం, పైన మెరుపు, అద్భుతంగా అనిపించాయి. వేదిక మీద పెద్ద సౌండ్ సిస్టమ్‌లో అవే ప్రీసెట్లు బురదగా, గీరుగా వినిపించాయి. బాస్ గిటారు, డ్రమ్స్ మధ్య నా స్వరం ఎక్కడుందో నాకే తెలియలేదు. యంత్రంలో ఏ లోపమూ లేదు. మన చెవి తక్కువ శబ్దంలో అడుగు స్వరాలను, బాగా పై స్వరాలను తక్కువగా వింటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని 1933లోనే కొలిచి చూపారు. ఇంట్లో ఆ లోటు తీరేలా బాస్, ట్రెబుల్ పెంచుతాం. శబ్దం పెరగగానే చెవి వాటిని పూర్తిగా వింటుంది, మనం కలిపిన అదనం అక్కడే ఉంటుంది. ఏ శబ్దంలో వాయిస్తారో ఆ శబ్దంలోనే ప్రీసెట్ చేసుకోవాలి. మామూలు ఆంప్ వాడేవాడు వేదిక మీదే నాబ్ తిప్పుతాడు కాబట్టి ఈ ఉచ్చులో తక్కువగా పడతాడు.

రెండోది స్పర్శకు సంబంధించినది. గట్టిగా మోగే స్పీకరు ఎదురుగా నిలబడితే, ఆ గాలి మళ్లీ తీగను కదిలిస్తుంది. స్వరం చావకుండా నిలుస్తుంది. హెడ్‌ఫోన్‌లో ఇది సాధ్యం కాదు. మన సంగీతం వాయించేవాళ్లకు ఇంకో మాట చెప్పాలి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని సంపూర్ణంగా పలికించారు. ఆ సంగీతానికి ప్రాణమైన గమకం చివర స్వరం సన్నగిల్లుతూ పోయే తోకలోనూ ఉంటుంది. ఈ యంత్రాలతో వచ్చే ప్రీసెట్లలో చాలావాటిలో నాయిస్ గేట్ ఆన్‌లో ఉంటుంది. శబ్దం ఒక స్థాయికి తగ్గగానే తలుపు మూసేస్తుంది. గరగరలాడే రాక్ వాయిద్యానికి అది సరిపోతుంది. గమకానికి మాత్రం తోక తెగిపోతుంది. మొదట దాన్ని ఆపేయండి.

వందల ఆంపులు, వేల ప్రీసెట్ల మధ్య సాయంత్రమంతా వెతుకులాటలో గడిచిపోవడం అందరూ చెప్పే ఫిర్యాదే, నిజమే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆయుష్షు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి వాన ఇంట్లోకి కొట్టింది. నా పాత వాల్వు ఆంప్ తడిసిపోయింది. స్పీకరు కాగితం పాడైంది. మిగతాదాన్ని వారాల తరబడి ఆరబెట్టి, రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరికి ఇచ్చాను. సాకెట్లు తుడిచి, కెపాసిటర్లు కొన్ని మార్చి, కొత్త స్పీకరు బిగించారు. ఈనాటికీ మోగుతోంది. అదే వానలో తడిసిన మా మిత్రుడి డిజిటల్ పెట్టెను ఎవరూ బాగుచేయలేకపోయారు. బోర్డు మొత్తం మార్చాలన్నారు, ఆ బోర్డు తయారీ ఆగిపోయింది. గోరు మీద పట్టే చిప్‌లు, పొరలు పొరలుగా ఉన్న బోర్డులు చేత్తో సోల్డరింగ్ చేసి బతికించేవి కావు. తుపాను అక్కర్లేదు, మన ఉప్పుగాలి చాలు. సముద్రానికి దగ్గరి ఇళ్లలో జాక్‌లు, నాబులు, రిబ్బన్ కేబుల్ కొసలు మెల్లగా చిలుమెక్కుతాయి. వాల్వు ఆంప్‌లోనూ అదే జరుగుతుంది, అక్కడ మాత్రం తుడిచి మార్చే వీలుంటుంది. కాకపోతే వాల్వు ఆంప్‌ను తెలియనివాళ్లు విప్పకూడదు. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో 300, 400 వోల్టులు నిలిచి ఉండవచ్చు, ప్రాణం పోతుంది.

సాఫ్ట్‌వేర్ ఆయుష్షు ఇంకా తక్కువ. పెట్టె బాగానే ఉన్నా, దాన్ని సరిదిద్దే ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లలో నడవకుండా పోతుంది. కాబట్టి ప్రీసెట్లను వేరే చోట దాచుకోండి, ముఖ్యమైన విలువలను నోటుబుక్కులో కూడా రాసుకోండి. వాల్వుల వైపు అంతా నిశ్చింతగా ఉందని కూడా అనను. ఒకప్పుడు మన భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు చేసేది. ఇప్పుడు గిటారు ఆంపులకు కావలసినవి ప్రధానంగా స్లొవాకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక సరఫరా చెదిరి ధరలు పెరిగాయి.

ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. నేర్చుకునేవారు, ఫ్లాట్‌లో ఉండేవారు, ఇంట్లో రికార్డు చేసుకునేవారు సంకోచం లేకుండా మోడలింగ్ యంత్రమే కొనండి. వెసులుబాటు ఉంటే స్పీకరు కూడా ఉన్న రకం తీసుకోండి, ఇంట్లో కనీసం అప్పుడప్పుడైనా గాలి కదలాలి. దుకాణానికి మీ గిటారే తీసుకెళ్లండి. ప్రతిధ్వని లాంటి ఎఫెక్టులన్నీ ఆపి, డిస్టార్షన్ ఉన్న ఒక మోడల్‌ను పెట్టి, గిటారు మీద ఉన్న వాల్యూమ్ నాబ్‌ను నాలుగుకు దించండి. మంచి మోడల్ అయితే గరుకుతనం కరిగి స్వరం శుభ్రపడుతుంది. నాసిరకమైతే అదే గరుకుతనం చిన్న గొంతుతో వినిపిస్తుంది. తర్వాత ఒక స్వరాన్ని మీటి, పూర్తిగా చచ్చిపోయేదాకా వినండి. మధ్యలో తునకలుగా తెగితే తీసుకోవద్దు. ఆ రెండు పరీక్షలకు ఐదు నిమిషాలు చాలు. పెట్టె మీద రాసిన ఆంపుల సంఖ్య కన్నా అవి ఎంతో ఎక్కువ చెబుతాయి.

గాజువాక కుర్రవాడు ఇప్పుడు మూడు ప్రీసెట్లతోనే వాయిస్తున్నాడు. వాటికి ఆంపుల పేర్లు తీసేసి "రాత్రి", "హాలు", "చర్చి" అని పెట్టుకున్నాడు. మూడోదాన్ని ఆదివారం ప్రార్థనకు ముందు, చర్చిలోనే, అక్కడి స్పీకర్లలో వింటూ చేసుకున్నాడు.